క్రొత్త చేపకు ఏకాంతవాసము



ఈ చెన్నపట్టణమున గాజుతొట్టిలో రంగుచేపలను పెంచు ఇండ్లు అనేకములు కలవు. నగరపు వాయవ్య భాగముననున్న కొళత్తూరు రంగుచేపల పెంపకమునకును, విక్రయమునకును దేశమందెల్ల పేరుగాంచిన చోటు. తమిళులు వీనిని 'వణ్ణ మీన్' అందురు. వారి 'వణ్ణము', మన 'వన్నె' రెండును సంస్కృతమందలి 'వర్ణ' శబ్దమునుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. 'మీను' అను మాటయు మనకు పరాయిది కాదు. కొఱ్ఱమీను అనునపుడు మనమును దానినే పలుకుచున్నాము.

చేపలను పెంచు ఇండ్లలో తఱచుగా వినవచ్చు మాట యొకటి గలదు. "ఏడాదిగా చక్కగా పెరుగుచుండిన చేపలు పది దినములలో ఒకదాని వెనుక ఒకటి చనిపోయినవి, కారణము తెలియలేదు." కొందఱు నీరు చెడెననియు, కొందఱు మేత వికటించెననియు, కొందఱు దిష్టి తగిలెననియు తలంతురు. అయితే మొదట అడుగవలసిన ప్రశ్న వేఱు: "తొట్టిలో క్రొత్త చేపను ఎప్పుడు వేసితిరి?" పెక్కుసారులు దానికి ప్రత్యుత్తరము "మొన్న ఆదివారముననే" అని వచ్చును. రోగము అతిథితో కూడ వచ్చినదన్నమాట. అట్లు రాకుండుటకు పెద్దలు కనిపెట్టిన ఉపాయమే ఏకాంతవాసము. క్రొత్త చేపను కొన్ని వారములు వేఱొక తొట్టిలో ఉంచి, కనిపెట్టి చూచి, పిమ్మట పాతవానితో కలుపుట అని దీని యర్థము.

మాట పుట్టుక

2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు 'క్వారంటైన్' అను మాట ఇంటింట వినబడెను. మీరు అప్పుడు పసివారు. అయినను ఆ మాట మీకు గుఱుతుండవచ్చును. ఇటాలియను భాషలో 'క్వరాంత' యనగా నలుబది. మహామారి రోజులలో ఓడలను రేవునకు దూరముగా నలుబది దినములు నిలిపి, అందెవరికిని రోగము లేదని తేలిన పిమ్మట దిగనిచ్చెడివారు. ఇట్టి శాసనములలో ప్రాచీనమైనది 1377లో రగూసా నగరమున వెలువడినది. నేడు ఆ నగరము క్రొయేషియా దేశమున దుబ్రోవ్నిక్ అను పేర నున్నది. రగూసావారు మొదట విధించిన గడువు 30 దినములు మాత్రమే. పిమ్మట అది 40 అయ్యెను.

మాట మనది కాకపోయినను ఆచారము మనకు క్రొత్తది కాదు. ఇంట అమ్మవారు పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టుట మన పెద్దలు ఎఱిగిన పద్ధతి. ఆ మండలను చూచిన పొరుగువారు గడప దాటెడివారు కారు. రోగిని ఒక గదిలో పరుండబెట్టి, చలువ పదార్థములు పెట్టి, ఒక్కరే కనిపెట్టుకొని యుండి, పొక్కులు మాడిన పిమ్మట వేపాకును పసుపును కలిపిన నీళ్ళు పోసి నలుగురిలోనికి తెచ్చెడివారు. మశూచికము భూమిమీదనుండి తొలగిపోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది; ఆటలమ్మకు మాత్రము నేటికిని కొన్ని యిండ్ల గుమ్మములకు వేపమండలు కట్టుచునే యున్నారు. ఈ యాచారమున రెండు అంశములు గలవు: ఒకటి వేఱుగా ఉంచుట, రెండవది కనిపెట్టుకొని యుండుట. ఈ రెండవదానిని మఱవకుడు. ఈ పాఠమునకు అదియే ప్రాణము.

ఆరోగ్యముగా కనబడు రోగి

"అంగడిలో చూచి, చురుకుగా ఈదుచున్న చేపనే యేరి తెచ్చితిమి. ఇక వేఱుగా ఉంచనేల?" అని మీరు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. దానికి సమాధానము చేప చేసివచ్చిన ప్రయాణములో నున్నది.

పెంపకపు కొలనులో పుట్టిన చేపపిల్ల టోకు వర్తకుని తొట్టికిని, అటనుండి చిల్లర అంగడికిని, అటనుండి మన యింటికిని వచ్చును. ప్రతి మజిలీలోను వేఱువేఱు చోట్లనుండి వచ్చిన చేపలతో ఒకే నీటిలో నుండును. ఒకే వలతో పట్టబడును. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచిలో గంటలకొలది ఊగులాడును. ఆ బెదురు వలనను, అలసట వలనను దాని శరీరమున రోగమును ఎదిరించు శక్తి తగ్గును. అప్పటివరకు కొలదిగా నుండి అడగియున్న క్రిములు అదను చూచి పెరుగును. అయితే అవి కంటికి కనబడునంత పెరుగుటకు కొన్ని దినములు పట్టును. ఆ కొన్ని దినములే మోసకరమైనవి. చేప చూపునకు ఆరోగ్యముగా నుండును; రోగము మాత్రము లోననే యుండును.

మఱియొక విశేషము. ఒక క్రిమితో చాలకాలము కలిసి బ్రతికిన చేప దానికి అలవాటుపడి యుండును. ఆ క్రిమిని ఎన్నడు నెఱుగని చేపకు అది సోకినచో నిలువలేకపోవచ్చును. కావున క్రొత్త చేప తాను చెక్కుచెదరక, పాత చేపలను మాత్రము పడగొట్టుట కలదు. పాత తొట్టిలోని క్రిములు క్రొత్త చేపను పడగొట్టుటయు కలదు. అలసి వచ్చిన చేప కొంత తేరుకొనిన పిమ్మటనే పాతవానితో కలుపుట దానికిని మేలు.

తెల్లమచ్చల రోగము

దినముల లెక్క ఎట్లు వచ్చెనో తెలిసికొనుటకు ఒక్క రోగమును పరిశీలింతము. గాజుతొట్టెలకు మిక్కిలి పరిచితమైన శత్రువు తెల్లమచ్చల రోగము. చేప ఒంటిపైనను, రెక్కలపైనను ఉప్పుకల్లు చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడును. దీనికి మూలము ఏకకణ జీవియగు ఒక పరాన్నభుక్కు. ఫూకే అను శాస్త్రజ్ఞుడు 1876లో దీనికి 'ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలియిస్' అని పేరిడెను. పేరు పొడవైనను భావము సులభము: 'బహుసంతానము గల చేపపేను' అని యర్థము. ఆ పేరు ఎంత సార్థకమో చూడుడు.

ఈ జీవికి మూడు దశలు గలవు. మొదటి దశలో అది చేప చర్మము క్రింద చేరి, చేపను తిని పెరుగును; మనకు కనబడు తెల్లచుక్క యిదియే. బాగుగా పెరిగిన పిమ్మట చేపను విడిచి నీటి యడుగునకు జారి, ఇసుకకో, ఆకునకో అంటుకొని తనచుట్టు ఒక గూడు కట్టుకొనును. ఇది రెండవ దశ. ఆ గూటిలో ఒక్కటి రెండుగా, రెండు నాలుగుగా చీలుచు కొన్ని వందల పిల్లలగును. ఒక్కొక్కప్పుడు వేయి వరకును అగును. మూడవ దశలో ఆ పిల్లలు గూటిని చీల్చుకొని వెలువడి, చేపను వెదకుచు నీటిలో ఈదును. రెండు మూడు దినములలో చేప దొరకనిచో చచ్చును. దొరకినచో మరల మొదటి దశ ఆరంభమగును.

మందులు చంపగలుగునది ఈ మూడవ దశలో నున్న పిల్లలను మాత్రమే. చర్మము క్రింద నున్నదానిని చర్మమే కాపాడును. గూటిలో నున్నదానిని గూడు కాపాడును. ఒక్క దినము మందు వేసి "రోగము పోయినది" అనుకొనువారు మరల వారమునకు చుక్కలను చూచి విస్తుపోవుటకు కారణ మిదియే.

ఈ చక్రము తిరుగు వేగము నీటి వేడిమిని బట్టి యుండును. నీరు 25 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నున్నచో మూడు మొదలు ఆఱు దినములలో ఒక చుట్టు పూర్తియగును. 15 డిగ్రీలలో సుమారు పది దినములు పట్టును. 10 డిగ్రీలలో నెలకు మించవచ్చును.

ఇప్పుడు చిన్న గణితము చేయుదము. క్రొత్త చేపపై కంటికానని చోట, మొప్పలో, ఒక్క పరాన్నభుక్కు ఉన్నదనుకొనుడు. అది 500 పిల్లలను పెట్టెను. వానిలో నూటికి ఒక్కటి మాత్రమే చేపను చేరినదనుకొన్నను, మొదటి చుట్టు ముగియునప్పటికి 5. రెండవ చుట్టునకు 25. మూడవ చుట్టునకు 125. చుట్టునకు అయిదు దినములు చొప్పున ఇది యంతయు 15 దినముల కథ. మొదటి వారమున 5 చుక్కలను ఎవరు గమనింతురు? రెండవ వారము గడచుసరికి 125 చుక్కలను ఎవరు గమనింపకుందురు? చెఱువులో చేప దూరముగా తొలగిపోవచ్చును. గాజుతొట్టిలో పాఱిపోవుటకు చోటు లేదు గనుక నూటికి ఒక్కటి అనునది తక్కువ లెక్కయే యగును.

కావున రెండు వారములు కనీసపు గడువు. నాలుగు వారములు మేలైన గడువు. మొప్పలను పట్టు సన్నని పురుగులు మొదలైన ఇతర శత్రువులలో కొన్ని గ్రుడ్లు పెట్టి వంశము పెంచుకొనును. అవి బయటపడుటకు ఇంకను కొంత కాలము పట్టును. అందుచేత అధిక దినములే శ్రేయస్కరము. నడుమ మఱియొక క్రొత్త చేపను చేర్చినచో లెక్క మరల ఒకటవ దినమునుండి మొదలిడవలెను. రోగము కనబడి నయమైనచో, చివరి గుఱుతు పోయిన దినమునుండి మరల లెక్కింపవలెను.

ఏర్పాటు చేయు విధము

దీనికి పెద్ద ఖర్చు అక్కఱలేదు. ఒకటి రెండు చిన్న చేపలకు 20 లీటర్లు పట్టు ప్లాస్టిక్ టబ్బు చాలును. సబ్బు తగిలిన పాత్ర పనికిరాదు. అడుగున ఇసుక వేయరాదు. మలమును, రాలిన మేతను చూచి తీసివేయుటకు వట్టి అడుగే సుకరము. బెదరిన చేప దాగుటకు ఒక పగిలిన పూలకుండ ముక్కను, పదును లేకుండ నూఱి, పెట్టవలెను. చేపలు ఎగిరి పడకుండ పైన జల్లిమూత ఉండవలెను. పెద్దతొట్టి నీటిచుక్కలు దీనిలోనికిని, దీని చుక్కలు దానిలోనికిని చిందనంత దూరమున ఉంచవలెను.

ముఖ్యమైనది నీటి శుద్ధి. చేప తన మొప్పల ద్వారా అమోనియాను విడుచును. అది చేపకు విషము. పాత తొట్టిలో నుండు మేలుచేయు సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైటుగాను, నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చుచుండును. క్రొత్త టబ్బులో ఆ సూక్ష్మజీవులు లేవు. కావున క్రొత్త చేపను కొనదలచుటకు నాలుగు వారములు ముందుగనే ఒక చిన్న స్పాంజి ఫిల్టరును పాత తొట్టిలో పెట్టి నడుపుచుండవలెను. దానియందు సూక్ష్మజీవులు కాపురముండును. చేప వచ్చిన దినమున ఆ స్పాంజిని టబ్బులోనికి మార్చవలెను. ఒకసారి టబ్బులోనికి వెళ్ళిన స్పాంజిని గడువు ముగియకుండ పాత తొట్టికి మరల తేరాదు. స్పాంజి లేనివారు దినమునకు నాలుగవవంతు నీరు తీసి క్రొత్త నీరు పోయవలెను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉండును గనుక, ఒక దినము వెడల్పాటి పాత్రలో గాలిపంపుతో కలబెట్టి నిలువయుంచిగాని, అంగళ్ళలో దొరకు క్లోరిన్ విఱుపు మందు చుక్కలు వేసిగాని వాడవలెను.

చేప సంచిని ఇంటికి తెచ్చిన పిదప విప్పకయే పావుగంట టబ్బు నీటిలో తేలవిడువవలెను. పిమ్మట సంచి విప్పి, టబ్బు నీటిని కొంచెము కొంచెముగా అందులో కలుపుచు, చివరకు చేపను చేతివలతో తీసి టబ్బులో విడువవలెను. సంచిలోని నీటిని టబ్బులో పోయరాదు; అది అంగడి తొట్టిలోని నీరు.

టబ్బునకు ప్రత్యేకముగా ఒక వల, ఒక గొట్టము, ఒక చెంబు ఉండవలెను. నిత్యము పని చేయునప్పుడు మొదట పాత తొట్టి పని ముగించి, పిమ్మట క్రొత్త చేప పని చూడవలెను. వలను ఎండలో బాగుగా ఆరబెట్టుట మంచిది. తడి ఆరినచో పెక్కు క్రిములు నశించును. గొట్టమును నోటితో పీల్చి నీరు తీయుట కూడదు. చేతికి గాయమున్నవారు తొట్టి నీటిలో చేయి పెట్టరాదు. చేపలకు క్షయవంటి రోగము కలిగించు ఒక సూక్ష్మజీవిని 1926లో అమెరికాదేశపు ఫిలడెల్ఫియా చేపల ప్రదర్శనశాలలో చనిపోయిన చేపలనుండి కనుగొనిరి. అది గాయముల ద్వారా మనుష్యుల చర్మమునకును సోకి మానని పుండ్లు కలిగింపగలదు. పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనుడు.

చూచుటయే వైద్యము

టబ్బు ప్రక్కన ఒక నోటుపుస్తకము ఉంచుడు. దినమునకు రెండుసార్లు, అయిదేసి నిమిషములు, కదలక నిలిచి చూచి, చూచినది వ్రాయుడు. మేత తినినదా? మొప్పలు వేగముగా కొట్టుకొనుచున్నవా? నీటి పైభాగమున గాలికొఱకు నోరు తెఱచుచున్నదా? ఒంటిని కుండపెంకునకు రాచుకొనుచున్నదా? రెక్కలు విప్పియున్నవా, ముడిచియున్నవా? ఒంటిపై చుక్కలు, దూదివంటి పూత, ఎఱ్ఱని పుండు, దారమువలె వ్రేలాడు పురుగు కనబడుచున్నవా? మలము తెల్లగా దారమువలె నున్నదా? ఈ ప్రశ్నలకు దినదినము సమాధానము వ్రాసిన బాలుడు నెల తిరుగునప్పటికి ఆ చేపను గూర్చి అంగడివానికంటె ఎక్కువ ఎఱుగును.

రోగము కనబడినచో వెంటనే దొరకిన మందెల్ల కుమ్మరింపరాదు. మొదట నీరు మార్చుడు. సగము బాధ అమోనియా వలననే యుండవచ్చును. తెల్లమచ్చలు నిశ్చయమైనచో పెక్కు రకముల చేపలకు లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున మామూలు ఉప్పును, ఒకటి రెండు దినములలో విడతలుగా కరిగించి కలుపవచ్చును. 20 లీటర్ల టబ్బునకు 60 గ్రాములు. పొలుసులు లేని జెల్లజాతి చేపలు ఉప్పునకు తాళలేవు. వానికి ఈ మోతాదు తగదు. నీరు ఆవిరియైనను ఉప్పు ఆవిరి కాదు. కావున తఱిగిన నీటికి బదులు మంచినీరే పోయవలెను. తీసివేసిన నీటికి బదులు పోయునప్పుడు మాత్రమే ఆ లెక్కకు ఉప్పు కలుపవలెను. చుక్కలు మాయమైన పిమ్మటను ఇంకొక చుట్టు గడచువరకు చికిత్స మానరాదు. రోగమే లేని చేపకు ముందుజాగ్రత్తయని సూక్ష్మజీవినాశక ఔషధములు వేయుట మంచిది కాదు. దానివలన మేలుచేయు సూక్ష్మజీవులు చచ్చును. కీడుచేయునవి మందునకు లొంగనివిగా మాఱును.

ఏకాంతవాసము సర్వరక్షాకవచము కాదు. నెలలతరబడి దాగియుండు రోగములును కలవు. గొడుగు పట్టినవాడు బొత్తిగా తడియకుండునని చెప్పలేము. అట్లని వానలో గొడుగు మానువాడును లేడు.

ఇంటి తొట్టినుండి దేశపు చెఱువు వరకు

ఇది పిల్లల వినోదమునకు సంబంధించిన చిన్న సంగతి యని తలపకుడు. మేము ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన కాలమున, కోస్తా రైతులు "వైరసు వచ్చిన యేడు" అని కాలమును లెక్కించుట వింటిమి. 1994-95 ప్రాంతమున రొయ్యలకు తెల్లమచ్చల వైరసు సోకి తూర్పు తీరమునందలి చెఱువులు పాడుపడినవి; అప్పులు మిగిలినవి. పేరున పోలిక యున్నను, పైన చెప్పిన చేపల రోగము వేఱు, రొయ్యల వైరసు వేఱు. 2009లో వనామీ రొయ్యను మన దేశమున పెంచుటకు అనుమతించినప్పుడు, విదేశములనుండి విమానములలో వచ్చు తల్లిరొయ్యలను మొదట ఒక ఏకాంతశాలలో ఉంచి పరీక్షించు ఏర్పాటు చేసిరి. ఆ శాల ఎచ్చట నున్నదో యెఱుగుదురా? మన చెన్నపట్టణపు సముద్రతీరమునందలి నీలాంగరైలోనే. ఇచ్చట పరీక్షలలో నెగ్గిన తల్లిరొయ్యల సంతతియే ఆంధ్రతీరపు చెఱువులను చేరుచున్నది. మీ 20 లీటర్ల టబ్బును, ఆ శాలయు ఒక్క సూత్రముమీదనే నడచుచున్నవి.

అందువలననే మఱియొక హెచ్చరిక. జబ్బుపడిన చేపనుగాని, విసుగుపుట్టిన చేపనుగాని చెఱువులోనో, ఏటిలోనో విడువరాదు. తొట్టి గోడల పాచి తినునని అమ్ము చిన్న చేప యొకటి కలదు. అది మూరెడు పెరుగగానే జాలిపడి చెఱువులలో విడిచినవారు కలరు. అది నేడు తెలుగు నాట చెఱువులలో విస్తరించి, వలలను చీల్చుచు, జాలరులచేత 'దెయ్యపు చేప' అనిపించుకొనుచున్నది. టబ్బు నీటిని సహితము చెఱువులోనికి పోనీయక, ఎండిన నేలపై పోయుడు.

వేఱుగా ఉంచుట, విడిచిపెట్టుట

ఈ రెండింటి భేదమును గ్రహించినవాడే ఈ పాఠమును గ్రహించినవాడు. క్రొత్త చేపను టబ్బులో వేసి, మూల కొక్కటి నెట్టి, వారమునకు ఒకసారి చూచువాడు దానిని వేఱుగా ఉంచలేదు, విడిచిపెట్టినాడు. రోగములేని చేపయు అట్టి నీటిలో రోగియగును. ఏకాంతవాసమున నున్న ప్రాణికి మంచి నీరు, మితమైన మేత, నీడ, దినదినము చూచు కన్ను కావలెను. ఇంట అమ్మవారు పోసిన బిడ్డ ప్రక్కన కూర్చుండిన తల్లి చేసినదియు ఇదియే.

ఇంకొక మాట. ఈ నియమము రోగమునకే గాని రాకకు కాదు. సంవత్సరము నడుమ తరగతిలో చేరిన బాలునికో, యాస వేఱైన బాలికకో వెనుకబల్లపై ఏకాంతవాసము విధించుటకు ఇందు ఆధారము లేదు. తరతరముల క్రిందట ఈ నేలకు వచ్చి స్థిరపడినవారి బిడ్డలము మనము. క్రొత్తవారిని ఎట్లు చేరదీయవలెనో మనకు ఇతరులు చెప్పనక్కఱలేదు.

ప్రశ్నలు

1. తెల్లమచ్చల రోగమునకు ఒక్క దినము మందు వేసిన చాలకపోవుటకు కారణమేమి?

2. ఇచ్చటి వేడినీటిలో రెండు వారముల గడువు కనీసము చాలునన్నాము. 10 డిగ్రీల చల్లని నీటిలో అదే గడువు ఏల చాలదు?

3. 40 లీటర్ల టబ్బులో లీటరునకు 3 గ్రాముల చొప్పున ఉప్పు కలదు. 2 లీటర్లు ఆవిరియైన పిమ్మట, 10 లీటర్ల నీటిని తీసివేసితిమి. టబ్బును మరల నింపునప్పుడు ఎంత నీటికి ఉప్పు కలుపవలెను? ఎంత నీటికి కలుపరాదు?

4. మీ యింటగాని, పొరుగునగాని ఒకరిని రోగము వలన వేఱుగా ఉంచినప్పుడు వారిని కనిపెట్టుకొని యున్నవారెవరు? ఏమేమి చేసిరి? వారిని అడిగి, పది వాక్యములలో వ్రాయుడు.